ఆరు అంగుళాల అబద్ధం

"ఇంకొక్క అబద్ధం చెప్పావంటే లేచి వెళ్ళిపోతాను," అంది డిటెక్టివ్. "మధ్యాహ్నం రెండింటికి నిన్ను కోర్టులో నిలబెడతారు. ఆ తర్వాత నీ అబద్ధాలన్నీ జైలు గోడలకి చెప్పుకుందువుగాని."

లాకప్పు పక్కగదిలో గడియారం పదకొండు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఇనప బల్లకి అవతల కూర్చున్నవాడు తల ఎత్తలేదు. కార్ల డిక్కీల్లో సబ్‌వూఫర్ బాక్సులు, అంటే పాటలు దద్దరిల్లించే స్పీకర్ పెట్టెలు, కట్టడం అతని వృత్తి. వేళ్ళ సందుల్లో జిగురు ఎండి తెల్లగా పొక్కులు కట్టింది. కింది పెదవి చిట్లి ఉంది. అది నిన్న రాత్రి పోలీసులు చేసిన పని.

అతని వెనక, గోడకి ఆనుకుని, అక్క నిలబడి ఉంది. డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆవిడే.

కేసు పైకి సూటిగా ఉంది. సూటిగా ఉంది కాబట్టే ప్రమాదం. మొన్న ఈ బాక్సుల మేస్త్రి ఒక టైల్స్ షాపు యజమాని కారులో కొత్త బాక్సు బిగించాడు. నిన్న తెల్లవారి ఆరింటికి, ఊరి బయట రోడ్డు పక్కన, అదే కారులో డ్రైవర్ సీట్లో ఆ యజమాని శవం దొరికింది. తల వెనక దెబ్బ. చనిపోయింది ముందురాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య అన్నాడు డాక్టరు. సీటు మీద రక్తం లేదు. రక్తమంతా డిక్కీలో, బాక్సు కింద ఉంది. అంటే శవాన్ని డిక్కీలో వేసుకొచ్చి తర్వాత సీట్లో కూర్చోబెట్టారు. బాక్సు తీసి పెట్టడం ఎవరికి వచ్చు? కట్టినవాడికి. పోలీసులు పదింటికల్లా మేస్త్రిని జీపెక్కించారు.

"మళ్ళీ అడుగుతున్నాను. బాక్సు ఎన్నింటికి పెట్టావు?"

"అయిదున్నరకి మొదలెట్టానండి. ఆరుకల్లా అయిపోయింది. కారు వెళ్ళిపోయింది."

"ఎదురు షాపు కెమెరాలో నీ షెడ్డులోంచి కారు బయటికొచ్చింది ఎనిమిది పదికి."

మేస్త్రి వేలి మీది జిగురు పొక్కుని గోటితో గీకాడు.

"రెండు గంటల పది నిమిషాలు," అంది డిటెక్టివ్. "ఆ రెండు గంటల్లో ఆయన తల పగలగొట్టావని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు. నువ్వేమంటావు?"

"నేను చంపలేదండి."

"అది కాదు అడిగింది."

అక్క ఇక ఆగలేకపోయింది. ఒక్క అంగలో వచ్చి తమ్ముడి భుజం మీద ఫెడీమని కొట్టింది. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావేంట్రా. అమ్మ పోయాక నిన్ను పెంచింది ఇలా బేడీలేసుకుని కూర్చుంటే చూడ్డానికా. ఏం చేశావో చెప్పి చావు."

డిటెక్టివ్ కాసేపు అతని చేతులకేసి చూసింది. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, మామూలుగా అంది:

"సరే. కోర్టులో నేనే ఏదో ఒకటి చెప్తాను. మేస్త్రికి పని రాదండీ, అరగంట పనిని రెండున్నర గంటలు సాగదీశాడు, అంతకుమించి ఏం లేదు అంటాను."

మేస్త్రి తల చివాల్న లేచింది. "పని రాదని మాత్రం అనకండి. నా షెడ్డు బోర్డు మీద ఏం రాసుందో చూశారా? 'కొలత తప్పితే డబ్బు వాపస్.' పదకొండేళ్ళయింది ఆ బోర్డు పెట్టి. ఒక్కడికి వాపసివ్వలేదు."

"అయితే పని రానివాడివి. కాకపోతే హంతకుడివి. రెంటిలో ఒకటి తేల్చుకో."

మేస్త్రి బేడీల చేతులు బల్ల మీద పెట్టాడు.

"బాక్సు పట్టలేదు," అన్నాడు చివరికి, బల్లకి చెప్పుకుంటున్నట్టు.

"డిక్కీలోనా?"

"డిక్కీలో పడుతుంది. డిక్కీ నోట్లోంచి పట్టలేదు." ఒకసారి మొదలయ్యాక మాటలు ఆగలేదు. "లోపలి కొలతలన్నీ తీసుకున్నానండి. వెడల్పు, ఎత్తు, చక్రాల గుబ్బల దగ్గరెంత, సీటు వాలు ఎంత. లోపల నలభై ఆరు అంగుళాలు. నేను నలభై నాలుగుకి కట్టాను. తలుపు తీస్తే ఉండే నోరు కొలవడం మర్చిపోయాను. అది ముప్పై ఎనిమిదే."

"ఆరంగుళాలు."

"ఏటవాలుగా పెట్టి చూశాను, నిలబెట్టి చూశాను. ఎత్తు కూడా నోటికంటే ఎక్కువే. ఇంక చేసేది లేక వెనక సీటు ఊడబీకి, వెనక డోరులోంచి దూర్చి డిక్కీలోకి తోశాను. మళ్ళీ సీటు బిగించేసరికి ఎనిమిదయింది."

డిటెక్టివ్ అతన్ని రెప్ప వేయకుండా చూసింది. "ఇంతేనా? ఇది చెప్పడానికి పెదవి చిట్లేదాకా ఆగావా?"

"మీకు తెలీదండి. మా వీధిలో బాక్సుల షెడ్లు తొమ్మిది ఉన్నాయి. అయిదేళ్ళ కిందట ఒకడు ఇదే తప్పు చేశాడు. 'గుమ్మం మర్చిపోయినోడు' అని పేరు పడిపోయింది. టీకి వెళ్తే అదే పేరు, చెక్క కొనడానికి వెళ్తే అదే పేరు. చివరికి షెడ్డు మూసుకుని వెళ్ళిపోయాడు."

"ఆ పేరు పెట్టిందెవరు?"

మేస్త్రి మళ్ళీ బల్లకేసి చూశాడు. "నేనే."

అక్క నుదురు కొట్టుకుంది. "నీ పరువు తగలెయ్య. ప్రాణం పోతుందంటే పేరు కోసం ఏడుస్తావేంట్రా."

"ఎనిమిదింటికి కారు తీసుకెళ్ళడానికి ఎవరొచ్చారు?" అంది డిటెక్టివ్.

"టైల్స్ షాపాయనే వచ్చాడు, ఒక్కడే. సీటు బోల్టు బిగిస్తుంటే చూసేశాడు. ఏంటని అడిగితే చెప్పక తప్పలేదు. కడుపు పట్టుకుని నవ్వాడండి. డిక్కీ నోరు ఆకారానికి నేనొక అట్ట కోసుకున్నాను, మళ్ళీ ఈ తప్పు జరగకూడదని. అది లాక్కుని దాని మీద పెన్నుతో రాశాడు. 'ఇల్లు కట్టేముందు గుమ్మం చూసుకో మేస్త్రీ' అని. కింద సంతకం, తేదీ, టైము. డెలివరీ చీటీల మీద సంతకం పెట్టీ పెట్టీ ఆయనకదో అలవాటు. ఎనిమిది అయిదు అని వేశాడు."

డిటెక్టివ్ మెల్లగా లేచి నిలబడింది. ఈసారి ఆమె గొంతు పెరిగింది.

"ఎనిమిది అయిదుకి ఆయన బతికున్నాడని, నీ షెడ్డులో నీతో నవ్వుతూ మాట్లాడాడని, ఆయనే తన చేత్తో రాసిచ్చాడు. దాన్ని నువ్వు దాచిపెట్టుకున్నావు. ఎక్కడుంది?"

"షెడ్డులో. గోడకి ఆనించిన చెక్కల వెనక. అన్నిటికంటే లోపల. నేనేది దాచినా పెట్టే గోడే, అక్కకి తెలుసు. ఎవరికీ కనబడకూడదని."

ఆమె అక్క వైపు తిరిగింది. "ఇప్పుడే బయల్దేరండి. ఆ అట్ట తీసుకుని నేరుగా కోర్టుకి రండి. దారిలో దేవుడే దిగొచ్చి అడిగినా ఇవ్వొద్దు."

అక్క అప్పటికే గుమ్మం దాటింది. తలుపు దగ్గర గోడకి జారగిలబడ్డ కానిస్టేబుల్ నిటారుగా అయ్యి, వరండా చివరన ఉన్న ఇన్‌స్పెక్టర్ గది వైపు నడిచాడు. డిటెక్టివ్ చూసింది. చూసి ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు ఆమె తర్వాత తనని తాను క్షమించుకోలేదు.

* * *

పదకొండున్నరకి స్టేషను వెనక పెరట్లో రేకుల కప్పు కింద కారు ముందు నిలబడ్డారు. కారుని ఉన్నదున్నట్టు గంటసేపు చూడ్డానికి, నిందితుణ్ణి పక్కన ఉంచుకోడానికి, మేస్త్రి తరపు వకీలు పొద్దున్నే జడ్జి దగ్గర అనుమతి తెచ్చాడు. మేస్త్రిని బేడీలతో ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు.

ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని వచ్చాడు. డిటెక్టివ్ పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో ఆమె కింద పని నేర్చుకున్నవాడు. ఆమె రాజీనామా చేసిన ఆరేళ్ళ నుంచీ ఆమె కుర్చీలో కూర్చుంటున్నవాడు.

"మేడమ్‌గారు ఇంకా స్టేషను వదల్లేకపోతున్నట్టున్నారు."

"కుర్చీ దుమ్ము దులుపుతున్నావో లేదో చూసిపోదామని వచ్చాను."

"గంటే టైము. అందులో అయిదు నిమిషాలు అయిపోయాయి."

ఆమె కారు వెనక్కి వెళ్ళింది. డిక్కీ తలుపెత్తింది. నల్ల కార్పెట్ చుట్టిన బాక్సు, రెండు పన్నెండంగుళాల స్పీకర్లతో, డిక్కీని అటూ ఇటూ నిండా పట్టేసి కూర్చుంది. ఆమె టేపు లాగింది. నోరు: ముప్పై ఎనిమిది. బాక్సు: నలభై నాలుగు. మేస్త్రి ముఖం తిప్పుకున్నాడు. కానిస్టేబుళ్ళిద్దరూ ఆ అంకెలు విన్నారు కానీ వాళ్ళకి ఏమీ తట్టలేదు.

తర్వాత టార్చి వేసి నోటి అంచు పరీక్షించింది. బయటివైపు పెయింటు మీద రెండు గీతలు ఉన్నాయి.

"ఇవి నీవేనా?" అని మేస్త్రిని అడిగింది.

"నావే. మొదట లోపలికి తోసినప్పుడు పడ్డాయి."

"మరి ఇవి?"

అంచుకి లోపలివైపు, కుడిపక్కా ఎడమపక్కా, రేకు నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కుల్లో నల్ల కార్పెట్ పీచు ఇరుక్కుంది. బాక్సు ముందు మూలలు రెండింటి మీదా కార్పెట్ చిరిగి లోపలి చెక్క బయటపడింది.

మేస్త్రి స్టూలు మీంచి సగం లేచి మెడ చాచి చూశాడు. "నావి కావు. నా చేతిలోంచి మూల చిరిగిన బాక్సు బయటికి వెళ్ళదు. ఎవడో లోపల్నుంచి బయటికి గుంజాడు. గాడిదని గుంజినట్టు గుంజాడు."

"కూర్చో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ వెనక డోరు తెరిచి సీటు మెత్త ఎత్తింది. సీటుని పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. మొదటి రెండూ గట్టిగా ఉన్నాయి. మూడోది ఆమె వేళ్ళతో తిప్పితేనే తిరిగింది. నాలుగోది లేదు, ఖాళీ కన్నం మిగిలింది.

"నేను నాలుగూ బిగించాను," అన్నాడు మేస్త్రి. "స్పానర్ మీద కాలేసి తొక్కి మరీ బిగించాను."

"వాడు అలాగే అంటాడు. చెవులు పట్టుకుని గుంజీలు తీసినా అలాగే అంటాడు." ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "అయిందా మేడమ్?"

"అవలేదు." ఆమె సంచిలోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. "నీ రిపోర్టు. చదువుతాను విను. 'ఉదయం తొమ్మిది గంటల పదిహేను నిమిషాలకు, డిక్కీ తలుపు తెరిచి, నిందితుడు అమర్చిన సబ్‌వూఫర్ బాక్సును బయటకు తీసి చూడగా, దాని అడుగున కార్పెట్‌పై రక్తపు మరకలు కనిపించినవి.' ఇది నువ్వు రాసిందేనా?"

"కింద సంతకం కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది. బాక్సు బయటికి తీశావు. ఎక్కడ్నుంచి తీశావు?"

"డిక్కీలోంచి. అదేగా రాసింది."

"సీటు ఊడదీయకుండా?"

"సీటెందుకు ఊడదీస్తారు, బాక్సు డిక్కీలో ఉంటే?"

"బాగుంది. ఇంకోసారి తీసి చూపించు."

ఇన్‌స్పెక్టర్ నవ్వి, కానిస్టేబుళ్ళకి సైగ చేశాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని లాగారు. బాక్సు రెండంగుళాలు జరిగి, అంచుకి తగిలి ఆగిపోయింది. కుడివైపు ఎత్తారు. ఆగిపోయింది. ఎడమవైపు ఎత్తారు. కిందకి వంచారు. నిలబెట్టబోయారు. చొక్కాలు తడిసిపోయాయి.

"సార్," అన్నాడు పెద్ద కానిస్టేబుల్ రొప్పుతూ, "ఇది ఇందులోనే పుట్టి పెరిగినట్టుంది."

"లాగండి," అని కసిరాడు ఇన్‌స్పెక్టర్.

లాగారు. రేకు కిర్రుమంది. రాలేదు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. పదకొండేళ్ళుగా కాపాడుకున్న పేరు నలుగురి కళ్ళముందు డిక్కీ నోట్లో ఇరుక్కుని నిలబడింది.

"పగలగొట్టండి దీన్ని," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ముఖం జేవురించింది. "సుత్తి తెండి."

"పగలగొట్టు," అంది డిటెక్టివ్. "కారుని ఉన్నదున్నట్టు చూపించాలని జడ్జి రాశాడు. ఆయన సంతకం మీద సుత్తి వేశావని రెండింటికి చెప్తాను."

అతను ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. ఆమె విదిలించుకుంది.

"ఏం కావాలి మీకు?" అన్నాడు పళ్ళ సందుల్లోంచి. "నా ఉద్యోగమా?"

"నిజం కావాలి. నిన్న పొద్దున ఈ బాక్సు నువ్వు తీయలేదు."

"తీయలేదు. సరేనా? నలభై కిలోలుంది. ఎవడు మోస్తాడు? అంచున టార్చి వేస్తే మరక చివర కనిపించింది. దూదితో అద్ది పరీక్షకి పంపాను. రక్తమే అని వచ్చింది. ఆ మనిషి రక్తమే అని వచ్చింది. తీసి చూసినట్టు రాసుకున్నాను, అంతే. కాగితం మీద ఒక ముక్క ఎక్కువ రాస్తే కొంపలు మునిగాయా?"

"వాడి కొంప మునుగుతోంది. నీకు పని నేర్పింది నేనే. చూడనిది రాయొద్దని మొదటి రోజు చెప్పాను."

"చంపింది వాడే అయినప్పుడు..."

"వాడు కాదు. బుర్ర పెట్టి విను. బాక్సు కింద రక్తం పడాలంటే శవం ఉన్నప్పుడు బాక్సు డిక్కీలో ఉండకూడదు. చంపినవాడు దాన్ని తీశాడు. ముందు నోట్లోంచి గుంజాడు. ఆ నొక్కులు అవే. నువ్వు గుంజలేదు, నీ మనుషులు ఇప్పటిదాకా చెయ్యి వేయలేదు. రాకపోయేసరికి సీటు ఊడదీసి అటునుంచి తీశాడు. మళ్ళీ పెట్టి, కంగారులో ఒక బోల్టు వదిలేశాడు. ఇది నోట్లోంచి రాదని మేస్త్రికి అయిదున్నరకే తెలుసు. తెలిసినవాడు గుంజడు. గుంజినవాడికి తెలీదు."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు ఒకసారి డిక్కీ మీదికి, ఒకసారి మేస్త్రి మీదికి వెళ్ళొచ్చాయి. పని మరిచిపోయినవాడే కానీ పని రానివాడు కాదు.

"అసలు బాక్సు కింద టార్చి వేయాలని నీకెలా తట్టింది?" అని అడిగింది ఆమె. "శవం ముందు సీట్లో ఉంది. డిక్కీలోకి ఎందుకు వెళ్ళావు?"

ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకున్నాడు.

"బావమరిది చెప్పాడు," అన్నాడు చివరికి.

"ఎవరి బావమరిది?"

"చనిపోయినాయన భార్యకి తమ్ముడు. టైల్స్ గోడౌన్ చూసుకుంటాడు. ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి, 'సార్, మా బావ నిన్న ఆ బాక్సులవాడితో గొడవపడ్డాడు, ఆ బాక్సు కింద ఒకసారి చూడండి' అన్నాడు. ఫిర్యాదు రాసిచ్చింది కూడా అతనే."

"బాక్సు కింద." ఆమె ఆ రెండు మాటలూ నెమ్మదిగా పలికింది. "బాక్సు తీయకుండా దాని కింద ఏముందో అతనికెలా తెలిసింది? మొన్న మధ్యాహ్నం ఆ బావమరిదిని బావ షాపులో నలుగురి ముందు మెడపట్టి గెంటేశాడని నాకు నిన్న అరగంటలో తెలిసింది. నీకు ఎందుకు తెలీలేదు?"

"గెంటేశాడా?"

"చెంపదెబ్బ కొట్టి మరీ గెంటేశాడు. గోడౌన్ తాళాలు లాక్కున్నాడు. టైల్స్ కొనడానికొచ్చినవాళ్ళు చూశారు. గుమాస్తాని అడిగితే చెప్పాడు. నువ్వు అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బానెట్ మీద పెట్టాడు. మాట తగ్గింది. "ఇప్పుడే పిలిపిస్తాను."

"ఎక్కడున్నాడు?"

అతను ఆమె ముఖంలోకి చూడలేదు. "మేస్త్రి షెడ్డు దగ్గర."

"అక్కడేం పని?"

"మీరు అక్కని అట్ట కోసం పంపారని మావాడు చెప్పాడు. సాక్ష్యం తయారుచేస్తున్నారేమో అనుకున్నాను. పంపడానికి మనుషుల్లేరు. అతనికి ఫోన్ చేసి, చెక్కల వెనక ఏదో అట్ట ఉందట, కోర్టుకి పట్టుకెళ్తారట, అటువెళ్ళి ఆవిడ ఏదీ ముట్టుకోకుండా చూడమన్నాను."

చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. అతని చొక్కా కాలరు ఆమె పిడికిట్లో ఉంది. కానిస్టేబుళ్ళు కదిలారు కానీ దగ్గరికి రాలేదు.

"ఫోన్ చెయ్యి," అంది. "మామూలుగా మాట్లాడు. స్పీకర్లో పెట్టు."

పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలు. నాలుగోసారి మోగాక అవతల ఎత్తారు.

"సార్, చెప్పండి." గొంతు నింపాదిగా ఉంది. వెనక ఏదో మిషన్ సన్నగా, ఒకే తీరున ఈల వేస్తున్నట్టు తిరుగుతోంది.

"ఎక్కడున్నావయ్యా?"

"మీరు చెప్పిన చోటే సార్. షెడ్డు దగ్గర."

"ఆవిడ వచ్చిందా?"

"ఎవరూ రాలేదు సార్. ఈగ కూడా లేదు."

మేస్త్రి బేడీలతోనే లేచి ఫోను దగ్గరికి వచ్చాడు. డిటెక్టివ్ అతని నోటి మీద వేలు పెట్టింది. అతను ఆమె చెవి దగ్గర ఊపిరి శబ్దంతో చెప్పాడు:

"అది నా రంపం మిషన్. ఖాళీగా తిరుగుతోంది."

"చప్పుడేంటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఫోన్లో.

"పక్క షెడ్డు సార్. వీధంతా ఇదే గోల కదా."

అంతలో ఆ ఈల మారింది. ఒక్క క్షణం గరగరమని, మళ్ళీ సన్నబడింది. ఇంకోసారి గరగర. ఇంకోసారి.

"పది నిమిషాల్లో వచ్చేస్తాను సార్," అన్నాడు బావమరిది. లైను తెగిపోయింది.

డిటెక్టివ్ అప్పటికే అక్క నంబరు నొక్కి ఫోను చెవికి పెట్టుకుంది. మోగుతోంది. ఎత్తడం లేదు.

"ఏం కోస్తున్నాడు?" అని మేస్త్రిని అడిగింది. "చెక్కా?"

"చెక్కయితే మూలుగుతుంది." అతని పెదవులు తెల్లబడ్డాయి. "ఇది అట్ట."

ఇన్‌స్పెక్టర్ జీపు తాళాల కోసం జేబు తడుముకుంటున్నాడు. ఫోను మోగుతూనే ఉంది.

"చెక్కల వెనక అని మాత్రమే మీరు అతనికి చెప్పారు సార్," అన్నాడు మేస్త్రి అతనితో. "షెడ్డులో నాలుగు గోడలకీ చెక్కలే. ఏ గోడో మా అక్కకి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ రాకపోతే, ఆ అట్ట వాడికి ఎవరిచ్చారు?"